ఒంటిగంట నొప్పి

తెలుగులో తలనొప్పి అన్న మాటకు బొత్తిగా విలువ లేదు. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చినా తలనొప్పే, పెళ్ళిలో వియ్యంకుడు అలిగినా తలనొప్పే. పనికి ఎగనామం పెట్టాలనుకున్నవాడి నోటికి మొదట వచ్చే సాకూ అదే. నాకున్న జబ్బు పేరు చెప్పగానే ఎదుటివాళ్ళ పెదాల మీద చిన్న నవ్వు కదిలి మాయమవడం చాలాసార్లు చూశాను. "తలనొప్పికి నాలుగు రోజుల సెలవా మాస్టారూ?" అని మా ప్రిన్సిపాల్ ఒకసారి అడిగారు. ఆయన్ని తప్పుపట్టలేను. నా దగ్గరా వేరే మాట లేదు మరి.

మా అమ్మాయి మాత్రం ఏడేళ్ళ వయసులో దానికి సొంతంగా పేరు పెట్టుకుంది. ఒంటిగంట నొప్పి. రాత్రి ఒంటిగంటకు వస్తుంది కాబట్టి. డాక్టర్లు క్లస్టర్ తలనొప్పి అంటారు. క్లస్టర్ అంటే గుత్తి. ఏడాదో రెండేళ్ళో జాడ లేకుండా ఉంటుంది. ఒకసారి మొదలైందంటే ఆరేడు వారాలపాటు రోజుకు ఒకటి, రెండు, ఒక్కోసారి నాలుగు పోట్లు. తర్వాత చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది. వెయ్యి మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. 2011 నుంచి ఇప్పటికి తొమ్మిది విడతలు చూశాను.

మొదటిసారి వచ్చింది 2011 కార్తీకంలో. అప్పటికి నాకు 29 ఏళ్ళు, పెళ్ళయి ఏడాది. పదకొండింటికి పడుకున్నవాడికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చింది. ఎడమ ముక్కు బిగుసుకుపోయి ఉంది. ఎడమ కంటి వెనకాల ఏదో సలుపు. జలుబు చేసినట్టుందని అటు తిరిగి పడుకోబోయాను. ఐదు నిమిషాలు గడవలేదు, ఆ సలుపు కాస్తా అంతవరకు నేను ఎరగని నొప్పి అయిపోయింది. కంటిగుడ్డును లోపలి నుంచి ఎవరో బొటనవేలితో బయటికి నెడుతున్నారు. సైకిల్ ట్యూబుకు గాలి కొడుతున్నట్టు ఒక్కో నెట్టుకూ బిగువు పెరుగుతోందే తప్ప సడలడం లేదు. ఎడమ కంట ధారగా నీళ్ళు. కుడి కన్ను మాత్రం పొడిగా, పొరుగింటి గొడవ వింటున్నట్టు నిమ్మళంగా ఉంది.

మామూలుగా తల నొస్తే దుప్పటి ముసుగు పెట్టి పడుకుంటాం. నాకు పడుకోవడమే నరకమైంది. పెరట్లోకి పరిగెత్తాను. మా పెరట్లో తులసికోట నుంచి బట్టలుతికే బండ దాకా పదకొండు అడుగులు. అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. మధ్యలో నూతిగట్టుకు నుదురు ఆనించి నొక్కాను. తర్వాత కొట్టుకున్నాను కూడా. సిమెంటు గరుకు చర్మాన్ని గీరుతుంటే, ఆ మంట హాయిగా అనిపించింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక అడుగు ముందుకు వేసింది. "రావద్దు" అని అరిచాను. ఆ గొంతు ఎవరిదా అన్నట్టు చూసింది. రెండుంబావుకు, స్విచ్చి నొక్కినట్టు ఆగిపోయింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. బండ మీద కూర్చుని, నొప్పి లేనందుకు వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకు మళ్ళీ మెలకువ వచ్చింది.

తర్వాతి ఐదేళ్ళలో నా తలను ఎంతమంది బాగుచేశారో చెప్పాలి. ముక్కు బిగుసుకుంటోంది కాబట్టి సైనస్ అన్నారు మొదట. యాంటీబయాటిక్స్, పసుపు వేసిన ఆవిరి. ఆవిరి పట్టిన రాత్రి నొప్పి ఇంకా రెచ్చిపోయేది. కానీ ఆరో వారంలో మొత్తంగా తగ్గింది కాబట్టి, ఆ డాక్టరు గారి హస్తవాసి చాలా మంచిదని నలుగురికీ చెప్పాను. 2013 ఉగాది రోజుల్లో మళ్ళీ వచ్చింది. పోటు పైదవడలోకి దిగుతోందని వెళితే ఒక దంతం పీకేశారు. పది రోజులకు తగ్గింది. ఆ దంతంలో ఏ లోపమూ లేదని చాలాకాలం తర్వాత పాత ఎక్స్‌రే చూసిన మరొకరు చెప్పారు. 2014 కార్తీకంలో కొత్త కళ్ళద్దాలు, అవి పనిచేయక అమ్మ తిరుపతి మొక్కు. తలనీలాలు ఇచ్చి కొండ దిగేసరికి నొప్పి పోయి నాలుగు రోజులైంది. నున్నటి గుండుతో, ఇక జన్మలో రాదన్న ధీమాతో కాలేజీకి వెళ్ళాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కిటుకు తెలుస్తోంది. ఈ జబ్బు దానంతట అదే వెళ్ళిపోతుంది. మూడు నాలుగు వారాలు ఒకరి చుట్టూ తిరిగి, గుణం కనిపించక ఐదో వారం ఇంకొకరి దగ్గరికి వెళతాం. ఆరో వారం అది పోతుంది. చివరగా తల మీద చెయ్యి పెట్టినవాడికే పేరు దక్కుతుంది. వాళ్ళు మోసగాళ్ళేమీ కాదు. తగ్గిందని స్వీట్ల డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చింది నేనే.

అమ్మ వైద్యం వేరే నడిచేది. శొంఠికొమ్ము అరగదీసి కణతకు పట్టు వేసేది. ఆ ఘాటుకు కుడి కన్ను కూడా మండి, రెండు కళ్ళూ సమానమయ్యేవి. దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసి, "చూశావా, కోరు రాలేదు. ఎంత దిష్టి ఉందో" అనేది. ఇంత గుండుకు ఎవరి దిష్టి తగులుతుందమ్మా అంటే కోప్పడేది.

2016లో నాలుగో విడత వచ్చినప్పుడు ఒక పని చేశాను. మా పిల్లల చేత ప్రాక్టికల్స్‌లో గీయించే పరిశీలనల పట్టిక లాంటిది ఒక నోటుపుస్తకంలో గీశాను. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ పక్క, ఆ రోజు ఏం తిన్నాను. కారణం ఏదో ఒకటి పట్టుబడుతుందని ఆశ. వంకాయ మీద అనుమానం, పెరుగు మీద అనుమానం, స్టాఫ్ రూములో కొత్తగా పెట్టిన ఏసీ మీద మరీ అనుమానం. 23 పోట్లు నమోదయ్యాక చూస్తే తిండికీ వాటికీ ఏ పొంతనా లేదు. పొంతన అంతా సమయంతోనే. 23లో 19 పోట్లు ఒంటిగంటా ఐదుకూ ఒకటిన్నరకూ మధ్య మొదలయ్యాయి. తెనాలి జంక్షన్ మీదుగా వెళ్ళే ఏ రైలూ అంత కచ్చితంగా రాదు. అన్నీ ఎడమ పక్కే. నలభై నిమిషాలకు తక్కువ లేదు, గంటా పావుకు ఎక్కువ లేదు.

ఆ పుస్తకం పట్టుకుని గుంటూరులో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. నాకంటే చిన్నవాడు. నేను నొప్పి గురించి ఉపమానాలతో చెబుతుంటే ఓపిగ్గా విని, ఒకే ప్రశ్న అడిగారు. "నొప్పి వచ్చినప్పుడు పడుకుంటారా, తిరుగుతారా?" నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "తిరుగుతారండీ. గోడకు తల కొట్టుకుంటారు" అంది. ఐదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళు కదిలితే నొప్పి ఎక్కువవుతుందని చీకటి గదిలో కదలకుండా పడుకుంటారట. క్లస్టర్ వచ్చినవాళ్ళు ఒకచోట నిలవలేరు. తర్వాత మా ఆవిడ ఫోనులో తీసిన ఫోటో చూపించింది. రాత్రి ఒంటిగంటా ఇరవైకి తీసింది. నేను తిడుతున్నా వినకుండా తీసింది. అందులో నా ఎడమ రెప్ప సగం వాలిపోయి ఉంది. కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది. ఆయన దాన్ని పెద్దది చేసి, "ఎడమ కంటిపాప చూడండి, కుడిదానికంటే చిన్నదైంది" అన్నారు. నోటుపుస్తకం రెండు పేజీలు తిప్పి, ఇక అడగడానికి పెద్దగా ఏమీ మిగల్లేదని నవ్వారు.

మెదడులో, ముఖ్యంగా పిట్యూటరీ గ్రంథి దగ్గర, గడ్డలేమీ లేవని చూసుకోవడానికి ఎమ్మారై తీయించారు. ఏమీ లేదు. ఇలాంటి లక్షణాలతోనే అరగంటలోపు ముగిసిపోతూ రోజుకు చాలాసార్లు వచ్చే జబ్బు ఇంకొకటి ఉందట. దాని పేరు పారాక్సిస్మల్ హెమిక్రేనియా. అది ఇండోమెథాసిన్ అనే మాత్రకు పూర్తిగా లొంగుతుంది కాబట్టి రెంటినీ వేరుచేసి చూడటం ముఖ్యమన్నారు. సమయాల పట్టిక అక్కడ కూడా పనికొచ్చింది. నా పోట్లు గంట చొప్పున ఉన్నాయి. క్లస్టర్ పోటు మందు లేకపోతే పావుగంట నుంచి మూడు గంటల దాకా ఉంటుంది.

ఒంటిగంటకే ఎందుకు? మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, రోజు తిరిగే లెక్క అన్నీ దాని చేతిలో ఉంటాయి. 1998లో లండన్ పరిశోధకులు పోటు నడుస్తుండగా రోగుల మెదడు స్కాన్ తీస్తే, నొప్పి ఉన్న పక్క సరిగ్గా ఆ చోటే చురుగ్గా కనిపించింది. జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు గానీ, గడియారం ఎక్కడుందో తెలిసింది. రాత్రింబగళ్ళ నిడివి మారే రోజుల్లో, అంటే నాకైతే కార్తీకానికో ఉగాదికో, విడతలు మొదలవడం కూడా ఆ గడియారం పనేనట. డాక్టరు గారు చివర, "పూర్తిగా నయం చేస్తానని చెప్పను. కానీ మీరు నూతిగట్టుకు తల కొట్టుకోవలసిన అవసరం మాత్రం లేదు" అన్నారు. బయటికి వచ్చి రోడ్డు పక్క చెరుకురసం తాగాం. జబ్బుకు పేరు దొరికిందని సంబరపడిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆ రోజు నన్ను నేనే చూసుకున్నాను.

మందుల విషయానికి వస్తే, మామూలు నొప్పి మాత్రలు ఇక్కడ పనికిరావు. అవి కడుపులో కరిగి రక్తంలో కలిసేలోపు పోటు తన పని ముగించుకుని వెళ్ళిపోతుంది. నాకు రోజూ వేసుకోవడానికి వెరపామిల్ రాశారు. అది బీపీకీ గుండెకూ వాడే మందు. విడత మొదలవగానే మొదలుపెట్టి, అయిపోయాక మెల్లగా మానేయాలి. అది ఒంటబట్టడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి, ఆ మధ్యకాలం గడవడానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ కొద్ది రోజులు ఇచ్చి, మోతాదు తగ్గిస్తూ ఆపేశారు. స్టెరాయిడ్ పడిన రెండో రాత్రి నేను తెల్లారేదాకా నిద్రపోయాను. మర్నాడు అమ్మ పరమాన్నం వండింది. ఆ మాత్రలు అంత బాగా పనిచేస్తున్నాయి కదా, అవే వాడితే పోలేదా అని అడిగాను. ఎముకలూ చక్కెరా ఏమవుతాయో వివరంగా చెప్పాక మళ్ళీ అడగలేదు.

వెరపామిల్‌తో ఒక చిక్కుంది. గుండెలో కరెంటు పైనుంచి కిందికి దిగే వేగాన్ని అది తగ్గిస్తుంది. అందుకని మోతాదు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీస్తారు. గ్రాఫు కాగితం కదా, నేనే చదవడం నేర్చుకున్నాను. ఒక చిన్న గడి 0.04 సెకన్లు. పీఆర్ అనే దూరం, అంటే గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగడానికి పట్టే సమయం, ఐదు గడులు, అంటే 0.20 సెకన్లు దాటకూడదు. రోజుకు 240 మిల్లీగ్రాములతో మొదలై, రెండు వారాలకోసారి 80 చొప్పున పెంచుకుంటూ 480కి చేరేసరికి నాది ఐదున్నర గడులైంది. మళ్ళీ 400కు దించారు. మలబద్ధకం సంగతి ఎందుకులెండి. ఇసబ్‌గోల్ డబ్బా మా ఇంట్లో పంచదార డబ్బా పక్కన ఉంటుంది.

పోటు వచ్చాక ఆపడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి సుమట్రిప్టాన్ ఇంజెక్షన్. 6 మిల్లీగ్రాములు, తొడ మీద చర్మం కింద వేసుకోవాలి. నాకు పది నిమిషాల్లో పోటు దిగిపోతుంది. అప్పుడు ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఒక నిమిషం అనిపిస్తుంది, మొదటిసారి భయపడ్డాను. ఇరవై నాలుగు గంటల్లో రెండుకు మించి వేసుకోకూడదు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు. పైగా మా ఊళ్ళో దొరకదు, తెప్పించుకోవాలి, ధర కూడా గట్టిదే.

రెండోది ఆక్సిజన్. ఇక్కడ కాస్త ఆగాలి. నా తెలివితక్కువతనం అంతా ఇక్కడే ఉంది.

డాక్టరు గారు ఆక్సిజన్ అనగానే నాకు నమ్మకం కుదరలేదు. గాలి పీలిస్తే ఈ నొప్పి పోవడమేమిటి? 2009లో వచ్చిన ఒక పరీక్ష గురించి ఆయన చెప్పారు. కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి, ఏది ఎవరికో చెప్పకుండా, నిమిషానికి 12 లీటర్ల చొప్పున పీల్పించారు. పావుగంటకు ఆక్సిజన్‌తో 78 శాతం పోట్లు దిగాయి, మామూలు గాలితో 20 శాతం. సరేనని ఊళ్ళో సిలిండర్లు అద్దెకిచ్చే దుకాణానికి వెళ్ళాను. వాళ్ళు ముసలివాళ్ళకు ఇచ్చే అలవాటు కొద్దీ ముక్కుకు పెట్టుకునే రెండు కాడల గొట్టం ఇచ్చి, రెండు లీటర్ల దగ్గర పెట్టుకోమన్నారు. ఒంటిగంటకు పెట్టుకున్నాను. ముక్కులో చల్లగా తగిలిందే తప్ప ఏమీ కాలేదు. రెండు రాత్రులు చూసి సిలిండర్ వెనక్కిచ్చి, గాలిలోంచే ఆక్సిజన్ తీసే మిషను అద్దెకు తెచ్చాను. అది ఎంత తిప్పినా ఐదు లీటర్లే. మళ్ళీ నూతిగట్టే దిక్కయింది. ఆక్సిజన్ వట్టి బూటకమని తేల్చేశాను.

తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరు గారు రెండే అడిగారు. ఏ మాస్కు? ఎన్ని లీటర్లు? జవాబు చెబుతుండగానే నాకు సిగ్గేసింది. మనిషి ఊరికే కూర్చుంటేనే నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. నొప్పితో పరుగులు పెట్టేవాడు అంతకు రెట్టింపు పీలుస్తాడు. గొట్టంలో రెండు లీటర్లు వస్తుంటే మిగతాదంతా గదిలోని గాలే, అందులో ఆక్సిజన్ 21 శాతం. ఇది లెక్క వేయడానికి ఇంటర్ కుర్రాడు చాలు. నేను పదకొండేళ్ళుగా చెబుతున్న పాఠం.

కావలసింది కింద సంచి వేలాడే మాస్కు. విడిచిన ఊపిరి మళ్ళీ లోపలికి రాకుండా దానికి కవాటాలుంటాయి. 15 లీటర్ల దాకా చూపించే మీటరు కావాలి. అవి తెచ్చుకున్న మొదటి రాత్రి నాకు బాగా గుర్తు. ముక్కు బిగుసుకోవడం మొదలవగానే లేచాను. ఇక్కడ ఒక్క నిమిషం తాత్సారం చేసినా నష్టమే, ముదిరాక లొంగదు. మీటరులో బంతి 12 దగ్గరికి లేచింది. సంచి పూర్తిగా ఉబ్బేదాకా కవాటం మీద వేలు పెట్టి ఆగాను. మాస్కు అంచులు గడ్డం దగ్గర సందు వదులుతుంటే అరచేతులతో అదిమి పట్టాను. కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, లోతుగా పీల్చి పూర్తిగా వదలడం. కొత్త ప్లాస్టిక్ వాసన. బుస్సుమని ఒకటే చప్పుడు. ఐదో నిమిషానికి నొప్పి పెరిగింది, మాస్కు విసిరికొట్టబోయాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తోంది. ఎనిమిదో నిమిషానికి పెరగడం ఆగింది. పదకొండుకు బొటనవేలు కొంచెం వదులైంది. పద్నాలుగో నిమిషంలో ఎడమ ముక్కు టప్పున తెరుచుకుంది. "పోయింది" అన్నాను మాస్కులోంచి. ఆమెకు వినిపించలేదు, మళ్ళీ చెప్పాను.

అప్పటినుంచి మా ఇంట్లో నల్ల ఒళ్ళూ తెల్ల భుజాలూ ఉన్న చిన్న సిలిండర్ ఒక కుటుంబసభ్యుడు. అందులో పట్టేది పది లీటర్ల నీళ్ళే గానీ, దాదాపు 150 రెట్లు వాయుపీడనంతో నింపుతారు కాబట్టి బయటికి వదిలితే 1500 లీటర్లవుతుంది. బాయిల్ నియమం. ఒక పోటుకు 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు, అంటే 180 లీటర్లు. నిండు సిలిండర్ ఎనిమిది పోట్లకు వస్తుంది. క్లాసులో ఈ లెక్క ఇప్పుడు నేను సిలిండర్‌తోనే చెబుతాను, ఎవరిదో చెప్పను.

ఒక గొడవ మాత్రం తప్పలేదు. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు, నూనె చేత్తో కవాటం తాకకూడదు, ముఖానికి జిడ్డు లేపనాలు రాసుకుని మాస్కు పెట్టుకోకూడదు. అంటే అమృతాంజనం బంద్. నా విడత వచ్చేదేమో కార్తీకంలో. అమ్మ దీపాలు పెట్టేది నా గది కిటికీ కింద. "దీపం పెట్టవద్దంటావా ఈ నెలలో?" అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

2021లో ఉగాది పచ్చడి తిన్న మూడో రాత్రి ఏడో విడత మొదలైంది. అప్పుడు కరోనాతో బయట ఎలా ఉందో అందరికీ గుర్తే. పరిశ్రమలకిచ్చే ఆక్సిజన్ కూడా ఆసుపత్రులకు మళ్ళించిన రోజులు. మా దుకాణం కుర్రవాడు ఫోను ఎత్తడం మానేశాడు. ఉన్న ఒక్క సిలిండర్‌ను పొదుపుగా వాడుతున్నాను. మే మొదటి వారంలో ఒక రాత్రి పదింటికి ఎదురింటాయన తలుపు కొట్టాడు. వాళ్ళ నాన్నగారికి ఆక్సిజన్ 84కు పడిపోయింది, ఎక్కడా పడక దొరకడం లేదు. "మాస్టారూ, మీ దగ్గర ఒకటి ఉందని..." అని ఆగిపోయాడు.

నేను వెంటనే ఇవ్వలేదు. మరో మూడు గంటల్లో ఒంటిగంట అవుతుంది. సిలిండర్‌లో పీడనం చూపే ముల్లు 110 మీద ఉంది, ఆరు పోట్లకు సరిపడా. నేను గుమ్మంలో నిలబడి ఈ లెక్క వేసుకుంటుండగానే మా ఆవిడ లోపలి నుంచి సిలిండర్ ఎత్తుకొచ్చింది. 2016లో నేను పొరపాటున తెచ్చి అటక మీద పడేసిన ముక్కుగొట్టం కూడా వెతికి పట్టుకొచ్చింది. ఐదు లీటర్ల దగ్గర పెట్టాను. మూడు గంటలా నలభై నిమిషాలు వస్తుందని చెప్పాను. ఎదురింటాయన గడియారం చూసుకున్నాడు. రెండింటికి అంబులెన్సు వచ్చింది. అప్పటికి ఉన్న రెండు ఇంజెక్షన్లలో ఒకటి వేసుకుని నేను మేడ మీద నిలబడి చూశాను. పెద్దాయన పదిహేడు రోజులకు ఇంటికి వచ్చారు. నాకు మళ్ళీ సిలిండర్ నిండడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రాత్రుల్లో తులసికోటకూ బండకూ మధ్య పదకొండు అడుగులే ఉన్నాయని మరోసారి రూఢి చేసుకున్నాను.

మేడ అన్నాను కాబట్టి ఒక మాట. ఇంగ్లీషులో ఈ జబ్బుకు ఆత్మహత్య తలనొప్పి అని మారుపేరు ఉంది. 2014లో ఒక రాత్రి పోటు మధ్యలో మేడ పిట్టగోడ దాకా వెళ్ళాను. దూకాలని వెళ్ళానని చెప్పలేను, వెళ్ళలేదనీ చెప్పలేను. రెండేళ్ళ తర్వాత గుంటూరు డాక్టరు గారు సూటిగా అడిగితే ఒప్పుకున్నాను. ఆయన నాతో మాట్లాడి, మా ఆవిడతో విడిగా మాట్లాడారు. అప్పటినుంచి విడత మొదలైన రోజున మేడ తాళంచెవి ఆమె బొడ్లోకి వెళుతుంది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోం. ఎదురింటి అంబులెన్సు వచ్చిన రాత్రి ఆ తాళం తీసి నా పక్కన నిలబడింది కూడా ఆమే.

మిగతా జాగ్రత్తలు చిన్నవి. విడత నడుస్తున్నప్పుడు అరగ్లాసు బీరు తాగినా అరగంటలో పోటు ఖాయం. విడత లేనప్పుడు తాగితే ఏమీ కాదు. ఇదేమి న్యాయమో. పగటి నిద్ర కూడా నాకు పడదు, ఆదివారం భోజనం చేసి నడుం వాల్చానంటే మూడింటికి అదనపు పోటు. సిగరెట్లు 2017లో మానేశాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో పొగతాగేవాళ్ళు ఎక్కువంటే మానేశాను. మానేసినా విడతలు మానలేదు. ఊపిరి మాత్రం బాగుంది. రాత్రి రైలు ప్రయాణాలు పెట్టుకోను. ఒకసారి తప్పక వెళ్ళి, బోగీ తలుపు దగ్గర ఒంటిగంటకు అటూ ఇటూ తిరుగుతుంటే టీసీ నన్ను దొంగనుకున్నాడు.

సెలవు సంగతి కూడా తేలిపోయింది. 2017 విడతలో సెలవు చీటీ మీద తలనొప్పి అని రాయడం మానేసి, నరాల జబ్బు అని రాశాను. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి, "జాగ్రత్త మాస్టారూ, ఇంకో రెండు రోజులు తీసుకోండి" అన్నారు.

పోయినసారి 2024 కార్తీకంలో వచ్చింది. ఈ ఏడు ఇంకా రాలేదు. దీపావళి వెళ్ళిన మర్నాడు సిలిండర్ నింపించి తెచ్చాను. దుకాణం కుర్రవాడు నిండుగా ఉందన్నాడు గానీ, ఇంటికి తెచ్చి మీటరు బిగిస్తే ముల్లు 130 దగ్గరే ఆగింది. మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్ళు. పాత నోటుపుస్తకం వెనక పేజీలో లెక్క వేసి, "ఏడు పోట్లకు వస్తుంది నాన్నా. నలభై లీటర్లు మిగులుతాయి" అంది. వంటింట్లోంచి అమ్మ దీపాల పళ్ళెం పట్టుకుని వచ్చింది. కిటికీ వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి పెరట్లో నూతిగట్టు వైపు వెళ్ళింది.